జొన్నచేలో వ్యూహం, చెరువులో పిరికితనం

యుద్ధాన్ని బల్ల మీద ఆడుకునే ఆట ఒకటుంది. బొటనవేలంత కూడా లేని సైనికుల బొమ్మలకు రంగులు వేసి, ఏదో ఒక పాత యుద్ధభూమిని బల్ల మీద తీర్చిదిద్ది, ఇద్దరు సేనాపతులు చెరోవైపు నిలబడి, టేపుతో దూరాలు కొలుచుకుంటూ, పాచికలు వేసుకుంటూ ఆ యుద్ధాన్ని మళ్ళీ జరుపుతారు. ఎవరు ఎంత దూరం నడవవచ్చు, ఎవరి తుపాకి గుండు ఎంత దూరం వెళుతుంది, ఎంతమంది పడిపోతే మిగిలినవారి గుండె చెదురుతుంది అన్నవన్నీ ఒక నియమావళిలో ఉంటాయి. నియమావళి లేకపోతే అది పిల్లల ఆట. ఉంటే అది చరిత్రకు బంధువు. నేను అలాగే నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను గనుకే ఆ నియమావళిలోని ఒక్క పేజీ మీద నా కోపం చల్లారలేదు.

భీమవరంలోని ఒక డిగ్రీ కళాశాలలో నేను చరిత్ర బోధిస్తాను. మా కుటుంబంలో పట్టా అందుకున్నవాళ్ళలో నేనే మొదటివాణ్ణి. మా అమ్మానాన్నలు చేపల చెరువుల మీద కూలి పనికి వెళ్ళేవారు. సానుభూతి కోసం ఈ మాట చెప్పడం లేదు. తరువాత జరిగినది అర్థం కావాలంటే ఇది తెలియాలి.

ఈ ఆటను నాకు పరిచయం చేసినది పదవీ విరమణ చేసిన ఒక ఇంజినీరింగ్ ప్రొఫెసర్ గారు. ఊరి చివర వారి కుటుంబానికి రొయ్యల మేత గోడౌను ఉంది. దాని పైగదిలో ఆదివారం మధ్యాహ్నాలు నలుగురం కలిసేవాళ్ళం: ప్రొఫెసర్ గారు, ఒక దంతవైద్యుడు, త్రీడీ ప్రింటర్ మీద బొమ్మలు తయారుచేసే ఒక యువ లెక్చరర్, నేను. మేత బస్తాల వాసన మెట్ల మీదుగా పైకి ఎక్కి, రంగుల వాసనతో కలిసి ఆ గదిలో నిలిచిపోయేది. గది ఆయనది, బల్ల ఆయనది, ప్రింటర్ కూడా ఆయనదే. ఆయన వాటిని ‘బొమ్మలు’ అననిచ్చేవారు కాదు. ‘మినియేచర్స్ అనండి మాస్టారూ, బొమ్మలు కొలువులో పెడతారు’ అనేవారు. ఆ వయసులో కూడా వెంట్రుక మందం కుంచెతో సైనికుడి కోటు గుండీలు ఒక్కొక్కటీ దిద్దగల చేయి ఆయనది. ఆయనంటే నాకు నిజంగా గౌరవం ఉండేది.

కొత్తగా చేరినవాడికి మొదట సామాన్య బలగాన్ని, అంటే రాజులూ జమీందారులూ ఊళ్ళ మీద పడి పోగుచేసిన మనుషుల దళాన్ని, రంగు వేయడానికి ఇవ్వడం అక్కడి ఆనవాయితీ. వాళ్ళకు యూనిఫాం ఉండదు కాబట్టి తప్పు వేసినా తెలియదని ప్రొఫెసర్ గారు నవ్వుతూ ఆ డబ్బా నా చేతికి ఇచ్చారు. నేను తప్పు వేయలేదు. ఒకడికి వెలిసిన నీలిరంగు తలపాగా, ఒకడికి భుజం మీద గొంగడి, ఒకడికి మోకాళ్ళ దాకా బురద. ఒక్కొక్కరి ఒంటి రంగునూ మా బంధువుల ముఖాలు తలుచుకుంటూ కలిపాను. ఆ పని పూర్తయ్యేసరికి వేసవి గడిచిపోయింది.

మేము ఎక్కువగా ఆడిన యుద్ధం ఒకటే. రెండున్నర శతాబ్దాల క్రితం కాకినాడకు ఉత్తరాన మెట్ట పొలాల్లో ఇంగ్లీషు కంపెనీ వారూ ఫ్రెంచి వారూ తలపడ్డారు. కంపెనీ పక్షాన ఒక స్థానిక రాజు తన బలగంతో నిలిచాడు. కంపెనీ వారి తెల్ల సైనికులు ఎత్తుగా పెరిగిన పైరు మాటున కనబడకుండా ఉన్నారనీ, ఫ్రెంచివారు దాన్ని గ్రహించక ముందుకు వచ్చి చిక్కుకున్నారనీ చరిత్ర చెబుతుంది. మా బల్ల మీద ఆ పైరును జొన్నచేనుగా పెట్టేవాళ్ళం. రాజుగారి బలగం మాత్రం ఒక ఎండిన చెరువు గర్భంలో నక్కి కూర్చుందని కంపెనీ పక్షం వారు రాసిపెట్టారు. అట్ట ముక్కతో చేసిన ఆ చెరువు కూడా బల్ల మీద ఉండేది.

మా కళాశాలలో చరిత్ర విభాగం ప్రదర్శన పెట్టాలనుకున్నప్పుడు ఈ ఆటను విద్యార్థుల చేత ఆడించాలన్న ఆలోచన నాదే. ప్రొఫెసర్ గారు సంతోషంగా ఒప్పుకున్నారు. నియమావళి ఇంగ్లండులో అచ్చయినది. దాన్ని తెలుగులోకి తెచ్చే బాధ్యత నాకు అప్పగించారు. నడక, కాల్పులు, ఫిరంగులు అన్నీ దాటుకుంటూ దళాల స్థాయిల దగ్గరకు వచ్చాను. అక్కడ నా కలం ఆగింది.

దళాలు మూడు రకాలు. శిక్షణ పొందినవి, సగటువి, మూడోది మూక. రాజుగారి బలగం ఈ మూడో రకం. శిక్షణ పొందిన దళం పైరులోనో పల్లంలోనో ఉంటే శత్రువు కాల్పుల్లో సగమే దానికి తగులుతాయి, ఎందుకంటే అది మాటు. మూక పల్లంలో ఉంటే ఆ లాభం లేదు, ఎందుకంటే అది దాక్కోవడం. అంతేకాదు, ప్రతి వంతు మొదట్లో మూక తరఫున ఒక పాచిక వేయాలి. ఒకటో రెండో పడితే ఆ దళం వెనుదిరిగి బల్ల అంచు వైపు పరుగు తీయాలి. ఎవరూ కాల్చకపోయినా సరే, ఒక్కడూ పడకపోయినా సరే.

ఇంగ్లీషులో ఆ పేజీని ఎన్నో ఆదివారాలు చూశాను. తెలుగులో నా చేతితో రాయవలసి వచ్చినప్పుడు అది వేరుగా కనబడింది. అదే యుద్ధం, అదే ఉదయం, అవే ఫిరంగులు. తెల్లవాడు జొన్నచేలో వంగి కూర్చుంటే వ్యూహం. మనవాడు చెరువులో వంగి కూర్చుంటే పిరికితనం. ఈ తేడాను ఎవరో మళ్ళీ మళ్ళీ రాసి, ఇంకెవరో దాన్ని పాచికల లెక్కగా మార్చి, పుస్తకంగా అచ్చువేసి, రొయ్యల మేత గోడౌను పైగది దాకా పంపించారు. దాన్ని నా విద్యార్థుల చేతిలో పెట్టవలసినవాణ్ణి నేను. వాళ్ళలో ఎక్కువమంది నాలాగే ఇంట్లో మొదటిసారి కళాశాలకు వచ్చినవాళ్ళు. ఆ పేజీ వాళ్ళ దాకా వెళ్ళకూడదని నిశ్చయించుకున్నాను. నాకు కావలసింది అంతే.

ఆదివారం నా ప్రతిపాదన వినిపించాను. వంతు వంతుకీ పాచిక వేసే పద్ధతి తీసేయాలి. ఏ దళమైనా మూడింట ఒక వంతు మందిని పోగొట్టుకున్నప్పుడే దాని స్థైర్యాన్ని పరీక్షించాలి. మాటులో ఉన్నవాడు ఎవడైనా మాటులో ఉన్నట్టే. ప్రొఫెసర్ గారు శ్రద్ధగా విన్నారు. మా క్లబ్బులో నియమం మార్చడానికి ఒక కట్టుబాటు ఉంది: మార్పు కోరినవాడు ఆ మార్పు వల్ల నష్టపోయే పక్షాన నిలబడి ఒక ఆట ఆడాలి. ఎవడూ తన గెలుపు కోసం నియమాలు మార్చుకోకుండా ఈ ఏర్పాటు. ఆట చూసి మిగిలిన ఇద్దరూ ఓటు వేస్తారు. న్యాయమైన పద్ధతి అనుకున్నాను. ఫ్రెంచి సేనకు నేను అధిపతినయ్యాను. కంపెనీ సేన, దానితోపాటు రాజుగారి బలగం ప్రొఫెసర్ గారి చేతికి వెళ్ళాయి.

మొదటి వంతులోనే నా ఫిరంగులను చెరువు మీదకు తిప్పాను. నిజాయితీగా, బలమంతా పెట్టి కాల్చాను. సగం దెబ్బలే తగిలాయి. ఇద్దరు పడ్డారు, మిగిలినవారు నిలబడ్డారు. నా నియమం నన్నే ఓడిస్తుంటే జీవితంలో ఎప్పుడూ కలగనంత ఆనందం కలిగింది.

రెండో వంతులో ప్రొఫెసర్ గారు టేపు తీసి, ఆ దళాన్ని చెరువులోంచి పైకి ఎక్కించి, శత్రువుకు వీపు చూపించి బల్ల అంచు వైపు నడిపించారు. ఏ పాచికా పడలేదు. ఏ పరీక్షా జరగలేదు. పొరపాటున కదిపారేమోనని అడిగాను.

‘కమాండర్ని నేనేనాండీ?’ అన్నారు.

‘మీరేనండి.’

‘మరి నా ఇష్టమండి.’

మూడో వంతులో ఆ బలగమంతా బల్ల దిగిపోయింది. ఆయన వాళ్ళను ఒక్కొక్కరినే రెండు వేళ్ళతో తీసి డబ్బాలో పెట్టారు. ‘పన్ను చూడకముందే పేషెంటు లేచి పారిపోయినట్టుందండి’ అని దంతవైద్యుడు గారు నవ్వారు. యువ లెక్చరర్ నవ్వలేదు, కానీ తల కూడా ఎత్తలేదు.

‘చూశారా మాస్టారూ, రూలు మార్చినా గుణం మారదండి. అది రక్తంలో ఉండాలి’ అన్నారు ప్రొఫెసర్ గారు.

‘వాళ్ళు పారిపోలేదు సార్. మీరు పంపించారు.’

‘పంపితే వెళ్ళారు కదండీ. నిలబడేవాడైతే ఎందుకెళ్తాడు?’

అచ్చం ఆ మాటే మా ఇంట్లో ఒకసారి విన్నాను.

నేను ఇంటర్ చదువుతున్న రోజులవి. ఒక చేపల చెరువు పట్టుబడికి, అంటే పెరిగిన చేపను వలేసి పట్టే పనికి, మా నాన్న, మరికొందరు వెళ్ళారు. పొద్దున్నే నీళ్ళలో దిగి వల లాగడం మొదలుపెట్టారు. ఐసు లారీ రాలేదు. ఎండ ఎక్కాక చెరువు రైతు గట్టు మీదకు వచ్చి, ఇవాళ పట్టుబడి లేదు, పైకి ఎక్కి ఇళ్ళకు పొమ్మన్నాడు. వీళ్ళు వెళ్ళిపోయిన తరువాత మధ్యాహ్నం లారీ వచ్చింది. చేపను పట్టేవాళ్ళు లేరు. మర్నాడు టీకొట్టు దగ్గర ఆ రైతు కొనుగోలుదారుడితో, కూలీలు పని మధ్యలో వదిలేసి పోయారని, ఈ జట్టును నమ్మకూడదని చెబుతున్నాడు. మా నాన్న అక్కడే ఉన్నారు. వెళ్ళమన్నది తమరే కదండీ అని మెల్లగా అన్నారు. వెళ్ళమంటే వెళ్ళిపోవడమేనా అని ఆ రైతు నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. ఆ కాలమంతా ఆ జట్టును ఎవరూ పనికి పిలవలేదు. నాన్న ఈ సంగతి మాకు అన్నం తింటూ చెప్పారు. ఆయన గొంతులో కోపం లేదు. ఆ కోపం లేకపోవడం నన్ను అప్పటినుంచీ వెంటాడుతోంది.

ఆజ్ఞ ఇచ్చేది ఒకడు, పారిపోయారన్న పేరు ఇంకొకడికి. ఎండిన చెరువులో కూర్చున్న ఆ మనుషులను అక్కడ కూర్చోమన్నది ఎవరో, లేవవద్దన్నది ఎవరో ఏ గ్రంథమూ చెప్పదు. వాళ్ళకు తుపాకులు ఇచ్చారా, తిండి పెట్టారా, ఆ యుద్ధం ఎవరి కోసమో చెప్పారా అన్నదీ చెప్పదు. నక్కి కూర్చున్నారని మాత్రం చెబుతుంది. దాన్ని పట్టుకుని మన ప్రొఫెసర్ గారు, ఈ డెల్టా నీళ్ళు తాగి పెరిగిన మనిషి, రక్తం గురించి మాట్లాడతారు.

ఓటు జరిగింది. ఆ దళం ఆటలో లేనేలేదు కాబట్టి మార్పు పరీక్షకు నిలిచినట్టు కాదని దంతవైద్యుడు గారు అన్నారు. యువ లెక్చరర్ ఆయన మాటే తన మాట అన్నాడు. పాత నియమమే మిగిలింది. ఓటుకు కట్టుబడటం చదువుకున్నవాడి ధర్మమని నాకు నేను చెప్పుకుని, ఆ పేజీని తెలుగులో ఒక్క అక్షరం మార్చకుండా రాసి ఇచ్చాను.

ప్రదర్శన రోజున మా సెమినార్ హాల్లో బల్ల వేశారు. ప్రొఫెసర్ గారు, దంతవైద్యుడు గారు అతిథులుగా వచ్చారు. నేను అంపైరును. కంపెనీ పక్షాన ముగ్గురు విద్యార్థులు, ఫ్రెంచి పక్షాన ముగ్గురు. రాజుగారి బలగం బి.ఏ. రెండో సంవత్సరం అమ్మాయి ఒకరి వంతుకు వచ్చింది. వాళ్ళమ్మ రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళుతుంది. ఆ అమ్మాయి క్లాసులో నన్ను తికమక పెట్టే ప్రశ్నలు వేసే మనిషి. కంపెనీ ఏనాడైనా లాభం చూసుకోకుండా ఎవరికైనా సాయం చేసిందా అని అడిగి ఒక పీరియడంతా తినేసిన మనిషి.

ఆమె తన దళాన్ని చెరువులో జాగ్రత్తగా, వరుసగా పెట్టింది. మొదటి వంతులో పాచిక నాలుగు పడింది. రెండో వంతులో రెండు పడింది. వెనుదిరగాలి అని నేనే చెప్పాను. ఫ్రెంచి పక్షం అబ్బాయిలు ‘పారిపోయార్రోయ్’ అని ఈల వేశారు. ఆమె అడుగుతుందని ఎదురుచూశాను. ఎవరూ కొట్టకుండా ఎందుకు వెళ్ళాలని అడుగుతుందని. జొన్నచేలో ఉన్నవాళ్ళకు పాచిక ఎందుకు వేయలేదని అడుగుతుందని.

ఆమె అడగలేదు. ఈల వేసినవాళ్ళ వైపు చూసి నవ్వేసి, ‘మనోళ్ళంతే కదండీ’ అంటూ టేపు అందుకుని ఆ దళాన్ని వెనక్కి తిప్పడం మొదలుపెట్టింది. ప్రొఫెసర్ గారు మెచ్చుకోలుగా తల ఊపారు.

ఆ క్షణంలో నాకు వచ్చిన కోపాన్ని ఇంత జాగ్రత్తగా కట్టిన వాక్యాల్లో పెట్టడం నావల్ల కావడం లేదు. ఆ కోపం ఆమె మీద కాదు. నిజానికి ఆయన మీద కూడా పూర్తిగా కాదు. ఆ నవ్వు ఆమె పెదాల మీదకు ఎన్ని దారుల్లో నడిచి వచ్చిందో, అన్ని దారుల మీదా. ప్రశ్నలు వేయడం మానని పిల్ల, ఒక్క పాచికకు సరేనంది. ఆ పాచికను తెలుగులో చెప్పింది నేను.

చేయి చాచి ఆ దళాన్ని తీసి మళ్ళీ చెరువులో పెట్టాను.

‘అంపైరు మినియేచర్స్ ముట్టుకోకూడదండి మాస్టారూ’ అన్నారు ప్రొఫెసర్ గారు, చాలా మర్యాదగా.

‘ముట్టుకున్నానండి.’

‘ఓటు పడిందండి దానికి.’

‘పడింది సార్. వాళ్ళని మీ చేత్తో మీరు బయటికి నడిపించాక పడింది. ఈ పేజీ నేను చదవను, ఈ పిల్లల చేత ఆడించను. ఇప్పటి నుంచి మాటులో ఉన్నవాడు ఎవడైనా మాటులో ఉన్నట్టే.’

మా ప్రిన్సిపాల్ గారు, అతిథుల ముందు ఇదేం పద్ధతని నా చెవిలో అన్నారు. ప్రొఫెసర్ గారు గొంతు పెంచలేదు. ఆయనకు ఆ అవసరం ఎప్పుడూ రాలేదు. స్పాంజి పెట్టె తెరిచి, ఇంగ్లీషు కంపెనీని, ఫ్రెంచివారిని, ఫిరంగులను, గుర్రాలను ఒక్కొక్కటిగా అందులో సర్దుకున్నారు. జొన్నచేను మడత పెట్టుకున్నారు. చెరువు దగ్గరకు వచ్చి ఒక్కసారి చూసి, ‘ఇవి మీరు వేసినవేలెండి’ అని వదిలేశారు. గుమ్మం దగ్గర ఆగి, చదువు చెప్పేవాళ్ళకు ఇంత కోపం పనికిరాదని సలహా ఇచ్చి వెళ్ళారు.

ఆ సలహా మీద నాకు ఇంకా కోపమే. కోపం ఎవరికి పనికివస్తుందో ఆయన చెప్పలేదు. మేత గోడౌను ఉన్నవాడికి దాని అవసరం లేదు, చెరువులో వల లాగేవాడికి దాని హక్కు లేదు, ఇప్పుడు పాఠం చెప్పేవాడికి కూడా వద్దట. క్లబ్బు వాట్సాప్ గ్రూపులోంచి నన్ను తీసేశారు. నా తెలుగు అనువాదాన్ని మాత్రం ఉంచుకున్నారు. ఆ ఒక్క పేజీనైనా తీసేయమని అడిగాను. జవాబు రాలేదు. ఇప్పటికీ ఆ గదిలో కొత్తగా చేరినవాళ్ళు ‘మూక’ అన్న మాటను నా చేతి రాతలోనే చదువుకుంటున్నారు. ఈ ఒక్క సంగతి నన్ను నిద్రలో కూడా సలుపుతుంది.

నియమావళిని మొదటి నుంచి నేనే రాశాను. ఇప్పుడు శనివారాలు క్లాసులు అయ్యాక స్టాఫ్ రూమ్ పెద్ద బల్ల మీద ఆడుతున్నాం. కంపెనీ సేనకూ ఫ్రెంచి సేనకూ అట్ట ముక్కలు కత్తిరించి రంగు పూశాం. బొమ్మలున్నది రాజుగారి బలగానికి ఒక్కదానికే. మొదట్లో ఆ అమ్మాయి రాలేదు. తన వల్ల గొడవ జరిగిందని అనుకుందట. గొడవ చేసింది నేనని, దానికి నేను చింతించడం లేదని చెప్పాను. తరువాతి శనివారం వచ్చి, నేరుగా చెరువు వైపు నిలబడింది.

ఆమె దళం చాలా వంతులు నిలిచింది. ఫ్రెంచి ఫిరంగులు వాళ్ళ మీదే పని చేశాయి. అప్పుడు ఆమె వాళ్ళను గట్టు ఎక్కించి ముందుకు నడిపింది. గట్టు మీద మాటు లేదు. ఆ ఒక్క వంతులోనే దళంలో మూడింట ఒక భాగం పడిపోయింది. పాచిక వేసింది. ఒకటి పడింది. దళం చెదిరి వెనక్కి పరుగు తీసింది. నియమం ప్రకారం సరిగ్గానే జరిగింది. ఎదుటి పక్షం అబ్బాయి ఈల వేయబోయాడు.

‘నోర్ముయ్‌రా, వాళ్ళని గట్టెక్కించింది నేను’ అని కసిరింది.

ముఖం ఎర్రబడి ఉంది. పడిపోయిన బొమ్మలను ఒక పక్కకు తీస్తూ, ఇంకొక్క వంతు చెరువులోనే ఆగి ఉంటే కంపెనీ వాళ్ళు పక్కనుంచి వచ్చి కలిసేవాళ్ళని, తొందరపడింది తనేనని, వాళ్ళ తప్పేమీ లేదని నాకు వివరించింది. నేను ఓదార్చలేదు.

‘మళ్ళీ ఆడదామండి. రేపు’ అంది.

రేపు ఆదివారమని, కాలేజీకి తాళం వేసి ఉంటుందని గుర్తు చేశాను. సోమవారం ఇంటర్నల్ పరీక్ష ఉంది కదా అని కూడా అన్నాను.

‘అయితే పరీక్ష అయిపోగానేనండి’ అంటూ దళాన్ని మళ్ళీ చెరువులో వరుసగా నిలబెట్టసాగింది.